వేలిముద్ర పడని చోట

అంగీకార పత్రం మీద
తామాడ గున్నమ్మ బొటనవేలు మూడుసార్లు ఒత్తింది.
మూడుసార్లూ సిరా మరకే,
గీత ఒక్కటీ పడలేదు.
"జీడి తినేసినాదమ్మా" అంది, వేలు చీరకి రుద్దుకుంటూ.
"రేషన్ మిషనుకీ నానెవుర్తినో తెల్దు."

పలాసలో ఇరవై రెండేళ్లు గింజ కొట్టిన చెయ్యి.
మణికట్టుకి కాస్త ఎగువన
సిరనీ ధమనినీ కలిపి కుట్టిన చోటు
ఉబ్బి, తాడులా మెలితిరిగి ఉంది.
చెవి ఆనిస్తే లోపల జుమ్మని మోత.
"కందిరీగ పట్టెట్టినాది నా సేతిలో.
వారానికి మూడు దినాలు దానికి సూదులు."

కిడ్నీలు ఎందుకు పోయాయని అడిగితే
వాళ్ల వీధిలో ఒకరు నీళ్లంటారు, ఒకరు మట్టంటారు,
ఎదురింటాయన ఎండ అంటాడు.
మాకూ అంతకంటే ఎక్కువ తెలీదు.
తెలీదని రాసుకోవడానికి మా దగ్గర పెద్ద రిజిస్టర్లున్నాయి, అంతే.

నేను తీసుకున్నది చిన్న గొట్టంలో కాసింత నెత్తురు.
ఐసు పెట్టె, జీపు వెనక సీటు,
నరసన్నపేట దాటాక వాన,
శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద అరగంట ఇరుకు.
పెట్టెని చంటిపిల్లలా ఒళ్లో పొదువుకుని కూర్చున్నానని
సగం దారిలో గమనించి నవ్వుకున్నాను,
లోపలున్నది యాభై నాలుగేళ్ల మనిషి.

తర్వాతి పని చెబితే మా ఇంట్లోనే నమ్మరు.
ఆ కణాల్ని వెనక్కి నడిపించాలి,
తాము నెత్తురన్న సంగతి మరిచిపోయేదాకా,
బట్టీ పొగా, కాన్పులూ, మొదటి జ్వరమూ వెనకబడి
ఇంకా ఏమీ కాని మూలకణాలయ్యేదాకా.
అక్కడ కాసేపు ఆపి,
పూటపూటా మేత మార్చి,
ఇక నాళాలవ్వండి అని బతిమాలాలి.
కొన్ని వింటాయి. చాలామట్టుకు వినవు.
మొదటి పళ్లెం బూజు పట్టింది.
రెండోది ఎందుకు చచ్చిందో ఈరోజుకీ తెలీదు.

మూడోసారి తుపాను.
కరెంటు పోయిన రాత్రి
ఇంక్యుబేటర్ ముప్పై ఏడు నుంచి కిందికి జారుతోంది,
జనరేటర్‌లో డీజిలు అడుగంటింది.
వాచ్‌మన్ అప్పలసూరి
పక్కవీధి ట్రాక్టరు ట్యాంకులోంచి
గొట్టంతో నోట లాగి డబ్బా నింపుకొచ్చాడు.
ఉమ్మేస్తూ అడిగాడు,
"లోపలేటున్నాయండీ, కోడిగుడ్లా?"
అలాంటివే అన్నాను.

తెల్లారి, మైక్రోస్కోప్ కింద,
కణాలు చుక్కలుగా లేవు.
ఒకదాని భుజం ఒకటి పట్టుకుని
సాగి, వంగి, చీలి, మళ్లీ కలిసి
గీతలు. వంకీలు. సుడులు.
నెత్తురెరగని నెత్తురు దారులు.
ఇలాంటివెక్కడో చూశానే అనిపించి
చేతి తొడుగు విప్పి
నా బొటనవేలు వెలుతురుకి పెట్టుకు చూశాను.

పలాస డయాలసిస్ గదిలో
మిషను తిరుగుతుండగా ఫోనులో ఫొటో చూపించాను.
"ఇయి నాయేనేటి?"
నీవే.
"సూది గుచ్చితే ఆటికి నొప్పెడతాదేటి?"
నొప్పి తెలిసేంత పెరగలేదు.
"నాకెడతారేటి?"
లేదన్నాను.
ఈ చోట ఏదో ఒక తీపిమాట కలపడం మాకు అలవాటే.
కలపలేకపోయాను.
నీ ఒంట్లో ఏ నాళం ముందు చెడిందో, దేనివల్లో,
వీటిని చెడగొట్టి చూస్తాం అన్నాను.

గొట్టాల్లో తిరిగే తన ఎరుపుని
గున్నమ్మ చాలాసేపు చూసింది.
"అంటే నా రోగం ఆటికెడతారన్నమాట."
అవును.
"మెల్లగెట్టండమ్మా" అంది,
"సిన్నపిల్లలు గావాల."

సోమవారం.
పళ్లెం మూత మీద పేరు రాయకూడదు, అంకె ఒక్కటే.
మొదటి చుక్క,
వేయాలనుకున్న దాంట్లో పదో వంతు.